కోల్డ్ స్టోరేజీలో ఎడ్జ్ పరికరానికి ఆపరేటింగ్ సిస్టమ్ వేసే పద్ధతి

ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజను మొదలైందంటే వరంగల్ చుట్టుపక్కల ఉన్న కోల్డ్ స్టోరేజీలకు ఊపిరి సలపదు. ఆ రోజు ధర గిట్టుబాటు కాని రైతు, ముందు ముందు రేటు పెరుగుతుందని చూసే వ్యాపారి తమ బస్తాలను తెచ్చి అక్కడ దాచుకుంటారు. తేజ అయినా, వండర్ హాట్ అయినా, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా అయినా, గదిలో చలి సడలి తేమ చేరితే రంగు దిగుతుంది, బూజు పడుతుంది. ఒక రైతు ఏడాది కష్టం ఆ గదిలో ఉంటుంది కాబట్టి, గది చలిని రాత్రింబవళ్లు కనిపెట్టి ఉండే చిన్న కంప్యూటర్ ఒకటి అక్కడ ఉండడం మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

సమాచారాన్ని దూరాన ఉన్న సర్వర్‌కు పంపి జవాబు కోసం ఎదురుచూడకుండా, అది పుట్టిన చోటనే లెక్క చూసి అక్కడికక్కడే నిర్ణయం తీసుకోవడాన్ని ఎడ్జ్ కంప్యూటింగ్ అంటారు. గదిలో ఉష్ణోగ్రత పెరిగితే ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా ఆపరేటర్ గదిలో సైరన్ మోగాలి. ఆ పని కోసమే ఈ పరికరం. నేను పెట్టేవి ఒకే బోర్డు మీద ఇమిడే చిన్న కంప్యూటర్లు: ఎక్కువగా రాస్ప్‌బెర్రీ పై 5 బోర్డులు, అక్కడక్కడ పాత రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డులు. వాటికి ఆపరేటింగ్ సిస్టమ్ వేసే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ఇంట్లో ల్యాప్‌టాప్‌కు సిస్టమ్ వేయడానికీ దీనికీ ఉన్న తేడా ఒక్కటే, కానీ అది చాలా పెద్దది. ల్యాప్‌టాప్ మొండికేస్తే ముందు కూర్చున్న మనిషి దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేస్తాడు. కోల్డ్ స్టోరేజీ గోడకు బిగించిన పెట్టె ముందు ఎవరూ కూర్చోరు. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోవచ్చు, నెట్ రెండు రోజుల పాటు రాకపోవచ్చు. అందువల్ల సిస్టమ్ ఎక్కిందా లేదా అన్నది సగం పని మాత్రమే. ఎప్పుడు కరెంటు పోయి వచ్చినా మనిషి చేయి పడకుండా తనంతట తానే లేచి, సరైన సమయం చూపిస్తూ, ఆగిన చోటి నుంచి పని అందుకుంటుందా అన్నది మిగతా సగం. ఇన్‌స్టాల్ చేసే ప్రతి మెట్టులోనూ ఈ ప్రశ్నను ఎదురుగా పెట్టుకోవాలి.

కమాండ్ల పేర్లను, ఫైళ్ల పేర్లను ఇక్కడ తెలుగు లిపిలోనే రాశాను. టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లిషు అక్షరాలలో టైపు చేయాలి.

పనికి దిగే ముందు

అన్నిటికంటే ముందు చూడవలసింది అడాప్టర్. రాస్ప్‌బెర్రీ పై 5కు 5 వోల్టులు, 5 ఆంపియర్లు, అంటే 27 వాట్లదిగా అమ్మే అధికారిక అడాప్టర్ కావాలి. పై 4కు 5 వోల్టులు, 3 ఆంపియర్లు సరిపోతాయి. ఫోన్ చార్జర్‌తో కూడా బోర్డు వెలుగుతుంది కనుక చాలామంది దానితోనే సరిపెట్టుకుంటారు. అయితే 5 ఆంపియర్లు ఇవ్వలేని అడాప్టర్ తగిలిస్తే పై 5 తన యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వదు. పూర్తి అడాప్టర్ ఉన్నప్పుడు అదే 1.6 ఆంపియర్ల దాకా ఇస్తుంది. సెన్సర్ రీడింగులు దాచడానికి మనం పక్కన ఎస్ఎస్‌డీ అనే డిస్కు ఒకటి తగిలించబోతున్నాం కాబట్టి ఈ తేడా ఇక్కడ ప్రాణం లాంటిది.

రెండవది మైక్రో ఎస్‌డీ కార్డు. 32 జీబీ చాలు, కానీ సీసీ కెమెరాల కోసం అమ్మే హై ఎండ్యూరెన్స్ రకం తీసుకోవాలి. దాని మీద ఏ1 లేదా ఏ2 అనే గుర్తు ఉందేమో చూడాలి. ఏ1 అంటే సెకనుకు కనీసం 1500 సార్లు చిన్న ముక్కలు చదవగలదని, 500 సార్లు రాయగలదని అర్థం. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కావలసింది ఈ చిన్న చిన్న పనుల వేగమే కాని, వీడియో కాపీ చేసేటప్పుడు కనిపించే వేగం కాదు. నకిలీ కార్డుల బెడద గురించి కూడా చెప్పాలి. ఒకసారి నేను కొన్న కార్డు మీద 64 జీబీ అని ఉంది, కంప్యూటర్ కూడా 64 అనే చూపింది, కానీ అసలు చోటు 8 జీబీ కూడా లేదు. సిస్టమ్ ఎక్కింది, వారం రోజులు నడిచింది, తర్వాత ఫైళ్లు ఒక్కొక్కటే పాడవుతూ వచ్చాయి. అప్పటి నుంచి లినక్స్‌లో ఎఫ్3, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాములలో ఒకదానితో కార్డును చివరిదాకా నింపి, తిరిగి చదివించి చూడకుండా పని మొదలుపెట్టడం లేదు. దీనికి గంట పట్టినా ఆ గంట వృథా కాదు. ఒకే రకం కార్డులు రెండు కొనండి. రెండవదాని అవసరం చివర చెబుతాను.

వీటితో పాటు చిన్న యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ, పై 5కు సరిపోయే గడియారం బ్యాటరీ, ఈథర్‌నెట్ కేబుల్, అవసరమైనప్పుడు టీవీకో మానిటర్‌కో కలపడానికి ఒక మైక్రో హెచ్‌డీఎంఐ కేబుల్ దగ్గర పెట్టుకోవాలి. ఈ చివరిది మామూలు హెచ్‌డీఎంఐ కంటే చిన్న మూతి గలది. స్టోరేజీకి వెళ్లాక వెతుక్కుంటే దొరకదు.

బోర్డును చలి గది లోపల పెట్టకండి. సెన్సర్ వైరు మాత్రమే లోపలికి వెళ్లాలి. మందపాటి ఇన్సులేషన్ గోడలను వైఫై దాటలేదు, తలుపు తెరిచినప్పుడల్లా బోర్డు మీద నీటి చెమ్మ పడుతుంది. అమోనియా కంప్రెసర్లు ఉన్న గది కూడా తగదు. తేమతో కలిసిన అమోనియా రాగిని తినేస్తుంది, బోర్డు మీది దారులన్నీ రాగివే. ఆపరేటర్ కూర్చునే గది గోడ మంచిది. అయితే మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలు తాకే రోజుల్లో ఆ గది కూడా కాగుతుంది, కాబట్టి ఫ్యాను ఉన్న కూలర్ బిగించాలి. చిప్ వేడి 80 డిగ్రీలు దాటితే బోర్డు తనంతట తానే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది.

కార్డు మీద సిస్టమ్ రాయడం

నేను వాడేది రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్, 64 బిట్. ఇది డెబియన్ అనే లినక్స్ సిస్టమ్ మీద ఆధారపడినది. 2025 అక్టోబరు నుంచి వచ్చేవి డెబియన్ 13, అంటే ట్రిక్సీ ఆధారంగా ఉన్నాయి. తెర లేని పెట్టెకు డెస్క్‌టాప్ ఉన్న వెర్షన్ ఎందుకూ పనికిరాదు. అది ర్యామ్‌ను, అంటే కంప్యూటర్ నడిచేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీని తింటుంది, అప్‌డేట్ల బరువు పెంచుతుంది, చెడిపోవడానికి మరిన్ని భాగాలను తెచ్చి పెడుతుంది. లైట్ డౌన్‌లోడ్ అర జీబీకి అటూ ఇటూగా ఉంటుంది కనుక ఫోన్ హాట్‌స్పాట్‌తో కూడా దించుకోవచ్చు.

మీ ల్యాప్‌టాప్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రామును అధికారిక సైటు నుంచి కొత్తగా దించి ఇన్‌స్టాల్ చేయండి. ఏడాది కిందటి పాత ఇమేజర్ ఉంటే దానితోనే కానిచ్చేయవద్దు. కొత్త సిస్టమ్‌లో ముందస్తు సెట్టింగులను అందుకునే పద్ధతి మారింది. పాత ఇమేజర్ రాసిన కార్డుతో బోర్డు బూట్ అవుతుంది, అంటే లేచి నడుస్తుంది, కానీ మీరు ఇచ్చిన యూజర్ పేరు, వైఫై వివరాలు దానిలోకి చేరకపోవచ్చు. తెర లేని పెట్టెకు ఇది తాళం చెవి లోపల పెట్టి తలుపు వేసుకోవడం లాంటిది.

ఇమేజర్‌లో మొదట బోర్డు రకాన్ని, తర్వాత ఇతర వెర్షన్ల జాబితాలో ఉండే లైట్ 64 బిట్‌ను, ఆ తర్వాత కార్డును ఎంచుకోవాలి. కార్డును ఎంచుకునే చోట ఒక్క క్షణం ఆగి, సైజు చూసి నిర్ధారించుకోండి. పక్కన పెన్‌డ్రైవ్ ఉంటే అది కూడా అదే జాబితాలో కనిపిస్తుంది, ఎంచుకున్న దానిలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ తర్వాత వచ్చే సెట్టింగుల పేజీలను తొందరపడి దాటేయకండి. ఈ పెట్టెలోకి మీరు అడుగు పెట్టగలరా లేదా అన్నది అక్కడే తేలుతుంది. హోస్ట్‌నేమ్‌గా, అంటే నెట్‌వర్క్‌లో ఈ పెట్టెకు ఉండే పేరుగా, స్టోరేజీనీ గదినీ గుర్తుపట్టే మాట ఇవ్వండి. పది పెట్టెలకూ ఒకే పేరు ఉంటే ఏది ఏదో తెలియదు. యూజర్ పేరు, పాస్‌వర్డ్ మీవే ఇవ్వాలి. ఒకప్పుడు పై అనే యూజర్ దానంతటదే ఉండేది కానీ 2022 ఏప్రిల్ నుంచి ఆ ఏర్పాటు తీసేశారు. టైమ్ జోన్ ఆసియా కోల్‌కతా, వైఫై దేశం ఇండియా అని ఇవ్వాలి. దేశం ఇవ్వకపోతే వైఫై రేడియో అసలు ఆన్ కాదు.

కీబోర్డు లేఅవుట్ విషయంలో మాత్రం ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను. ఈ బోర్డు బ్రిటన్‌లో రూపొందింది కనుక చాలాచోట్ల లేఅవుట్ బ్రిటిష్‌గా ఉంటుంది. మనం వాడే కీబోర్డులు అమెరికన్ లేఅవుట్‌వి. బ్రిటిష్ లేఅవుట్‌లో ఎట్ గుర్తు, డబుల్ కోట్ గుర్తు ఒకదాని చోట ఒకటి ఉంటాయి. పాస్‌వర్డ్‌లో ఎట్ గుర్తు ఉన్నవారు ల్యాప్‌టాప్ నుంచి హాయిగా లాగిన్ అవుతారు, కానీ అత్యవసరంగా పెట్టెకు కీబోర్డు తగిలించిన రోజున అదే పాస్‌వర్డ్ తప్పని చెబుతుంది. లేఅవుట్‌ను యూఎస్‌కు మార్చితే ఈ చిక్కు ఉండదు.

చివరగా ఎస్ఎస్‌హెచ్‌ను, అంటే ల్యాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ ద్వారా పెట్టెలోకి వెళ్లే దారిని, ఆన్ చేసి, పాస్‌వర్డ్‌తో కాకుండా పబ్లిక్ కీతో మాత్రమే లోపలికి రానిచ్చే ఎంపిక పెట్టండి. ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ కీజెన్ కమాండ్‌తో ఈడీ25519 రకం కీ జత తయారు చేసుకుని, అందులోని పబ్లిక్ భాగాన్ని అక్కడ అతికించాలి. ప్రైవేటు భాగానికి ఒక నకలు వేరే చోట భద్రపరచాలి.

రాయడం పూర్తయ్యాక ఇమేజర్ రాసిందాన్ని తిరిగి చదివి సరిచూసుకుంటుంది. ఆలస్యమవుతోందని ఈ సరిచూపును మధ్యలో ఆపవద్దు. విండోస్ వాడేవారికి ఆ తర్వాత డిస్కును ఫార్మాట్ చేయమంటూ ఒక కిటికీ తెరుచుకోవచ్చు; లినక్స్ భాగాన్ని విండోస్ చదవలేక అడిగే ప్రశ్న అది. దాన్ని రద్దు చేసి కార్డు తీసేయండి.

మొదటి బూట్

మొదటిసారి పని ఇంట్లోనో ఆఫీసులోనో టేబుల్ మీద జరగాలి, స్టోరేజీలో కాదు. కార్డు పెట్టి, ఈథర్‌నెట్ కేబుల్ కలిపి, అప్పుడు కరెంటు ఇవ్వండి. సిస్టమ్ మొదటిసారి లేచేటప్పుడు తన భాగాన్ని కార్డు మొత్తానికి విస్తరించుకుని, మీరిచ్చిన సెట్టింగులు అమలు చేసుకుని, మధ్యలో ఒకసారి రీబూట్ కూడా కావచ్చు. ఐదు నిమిషాలు దాని జోలికి వెళ్లకండి. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ అని టైపు చేసి, యూజర్ పేరు, ఎట్ గుర్తు, హోస్ట్‌నేమ్, చివర డాట్ లోకల్ చేర్చి ప్రయత్నించండి. దొరకకపోతే రౌటర్ పేజీలో కలిసిన పరికరాల జాబితా చూసి ఐపీ చిరునామాతో వెళ్లండి.

లోపలికి వెళ్లగానే సుడో ఏపీటీ అప్‌డేట్, ఆ తర్వాత సుడో ఏపీటీ ఫుల్ అప్‌గ్రేడ్ నడిపి, ఆర్‌పీఐ ఈఈప్రామ్ అప్‌డేట్ కమాండ్‌తో బోర్డును లేపే చిన్న ప్రోగ్రాము, అంటే బూట్‌లోడర్, కొత్తదేనా అని చూడండి. స్టోరేజీలోని వైఫై వివరాలను కూడా ఎన్ఎమ్‌టీయూఐ అనే మెనూలో ఇప్పుడే చేర్చి పెట్టుకోవచ్చు.

వీసీజెన్‌కమాండ్ గెట్ థ్రాటిల్డ్ అని ఇచ్చి కరెంటు నాణ్యత కూడా తెలుసుకోవచ్చు. జవాబు చివర సున్నా ఒక్కటే ఉంటే అంతా బాగున్నట్టు. 50000 అని కనిపిస్తే, బూట్ అయిన తర్వాత ఎప్పుడో ఒకసారి వోల్టేజీ పడిపోయి వేగం తగ్గిందని అర్థం. 50005 అంటే ఇప్పుడు ఈ క్షణంలో కూడా అదే పరిస్థితి ఉందని. ఈ కమాండ్‌ను స్టోరేజీలో పెట్టె బిగించాక మరోసారి, అది కూడా కంప్రెసర్ మోటారు స్టార్టు అయిన తర్వాత నడపాలి. మోటారు అందుకున్న క్షణంలో ఆపరేటర్ గదిలోని ట్యూబ్‌లైటు ఒక్కసారి మందగించడం మీరూ చూసే ఉంటారు. ఆ దెబ్బ అడాప్టర్ దాటి బోర్డు దాకా వస్తోందో లేదో ఈ అంకె చెబుతుంది.

డేటా కోసం వేరే చోటు

సిస్టమ్ కార్డు మీద, రీడింగులు ఎస్ఎస్‌డీ మీద ఉండాలన్నది నా పద్ధతి. ఎస్ఎస్‌డీని లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసి, బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు కలపాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో, దాని యూయూఐడీ (ప్రతి డిస్కు భాగానికీ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య) ఆధారంగా ఒక వరుస చేర్చాలి. ఎస్‌డీఏ వంటి పేరు రాయవద్దు. మరో పెన్‌డ్రైవ్ పెట్టిన రోజున ఆ పేరు దానికి పోవచ్చు.

ఆ వరుసలో నోఫెయిల్ అనే మాట తప్పక ఉండాలి. అది లేకుండా ఎస్ఎస్‌డీ కేబుల్ వదులైన రోజున బూట్ అయ్యే సిస్టమ్ ఆ డిస్కు కోసం 90 సెకన్లు చూసి, ఇక రాదని ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి, కీబోర్డు దగ్గర మనిషి ఉన్నాడనుకుని అక్కడే ఆగిపోతుంది. నెట్‌వర్క్ కూడా లేవదు కనుక బయటి నుంచి చేయగలిగింది ఏమీ ఉండదు. నోఫెయిల్ ఉంటే డిస్కు లేకపోయినా మిగతా సిస్టమ్ లేస్తుంది, సైరన్ పని ఆగదు. ఈ కారణంగానే సైరన్ మోగించే ప్రోగ్రామును, రీడింగులు దాచే ప్రోగ్రామును రెండు వేరు వేరు సర్వీసులుగా, అంటే సిస్టమ్ తానే మొదలుపెట్టి నడిపే ప్రోగ్రాములుగా, పెట్టమంటాను. దాచే సర్వీసు ఫైలులో ఆ డిస్కు మౌంట్ అయితేనే, అంటే సిస్టమ్‌కు కలిస్తేనే, నడవాలని రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అనే వరుసతో కట్టివేయాలి. సైరన్ సర్వీసుకు ఆ షరతు పెట్టకూడదు. రెండింటికీ, ఆగిపోతే మళ్లీ మొదలయ్యేలా, రీస్టార్ట్ ఆల్వేస్ అని మాత్రం రాయాలి.

గడియారం, ఓవర్లే

కరెంటు పోయినప్పుడు ఆ క్షణంలో కార్డు మీద ఏదో రాస్తూ ఉంటే ఫైల్ సిస్టమ్ చెడిపోయే అవకాశం ఉంది. దీనికి విరుగుడు, సిస్టమ్ ఉన్న కార్డు మీద ఇక ఏమీ రాయకుండా చేయడం. రాస్పీ కాన్ఫిగ్ మెనూలో పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్ కింద ఓవర్లే ఫైల్ సిస్టమ్ అనే ఎంపిక ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే సిస్టమ్ రాసే ప్రతి మార్పూ ర్యామ్‌లోకి వెళ్తుంది, కార్డు చదవడానికి మాత్రమే మిగులుతుంది; రీబూట్ కాగానే ఆ మార్పులన్నీ పోయి మీరు వదిలిన స్థితి యథాతథంగా తిరిగి వస్తుంది. కరెంటు ఎన్నిసార్లు పోయినా కార్డుకు దాదాపుగా భయం ఉండదు.

అయితే ఓవర్లే ఆన్ చేసే ముందు గడియారం సంగతి తేల్చుకోవాలి. ఈ పాఠం నేను నష్టపోయి నేర్చుకున్నాను. మూడు చలి గదులున్న ఒక స్టోరేజీలో పై 4 బోర్డు పెట్టి, జనవరిలో ఓవర్లే ఆన్ చేసి వచ్చాను. పై 4లో గడియారం చిప్ ఉండదు. నెట్ దొరికినప్పుడు సమయం తెచ్చుకుంటుంది, నెట్ లేకపోతే చివరిసారి కార్డు మీద రాసుకున్న సమయం నుంచి మొదలుపెడుతుంది. మూడు నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. ఏప్రిల్‌లో ఒక రాత్రి గాలివాన వచ్చి కరెంటు, నెట్ రెండూ పోయాయి. జనరేటర్ వేయగానే పెట్టె లేచింది, నెట్ మాత్రం మరునాడు మధ్యాహ్నం దాకా రాలేదు. కార్డు మీద ఉన్న చివరి సమయం నేను ఓవర్లే వేసిన జనవరి నాటిది, ఆ తర్వాత కార్డు మీద ఏమీ రాయనివ్వలేదు కదా. ఆ రాత్రి రీడింగులన్నీ జనవరి తేదీలతో నమోదై, అసలైన జనవరి రీడింగుల మధ్యలో కలిసిపోయాయి. గదిలో చలి ఎంతసేపు తగ్గిందో చూపించమని యజమాని అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. వాటిని విడదీయడానికి రెండు రోజులు పట్టింది.

పై 5లో గడియారం చిప్ బోర్డు మీదే ఉంది, బ్యాటరీ తగిలించడానికి చిన్న కనెక్టర్ కూడా ఉంది. అధికారికంగా అమ్మే బ్యాటరీ రీచార్జి అయ్యే రకం. దాన్ని చార్జ్ చేసే ఏర్పాటు మొదట ఆపి ఉంటుంది కనుక బూట్ ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైలులో డీటీపరామ్ వరుసగా ఆర్‌టీసీ బీబ్యాట్ వీసీహెచ్‌జీ విలువను 3000000 అని రాయాలి; ఆ మూడు మాటల మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్ ఉంటుంది, విలువ మైక్రో వోల్టులలో కనుక అది 3 వోల్టులు. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. రీచార్జి కాని మామూలు బటన్ సెల్ తగిలించి ఈ వరుస రాయడం ఎంతమాత్రం తగదు. అటువంటి సెల్‌ను చార్జ్ చేస్తే అది ఉబ్బి పగలవచ్చు. పై 4 వాడేవారు డీఎస్3231 చిప్ ఉన్న చిన్న గడియారం మాడ్యూల్ కొని బిగించుకోవాలి. బ్యాటరీ పెట్టాక నెట్ కేబుల్ తీసి, కరెంటు తీసి, పది నిమిషాలు ఆగి మళ్లీ ఇచ్చి, టైమ్‌డేట్ సీటీఎల్ కమాండ్‌తో సమయం సరిగ్గా ఉందో లేదో చూడండి. అది తేలిన తర్వాతే ఓవర్లే.

ఓవర్లే ఆన్ చేసేటప్పుడు బూట్ విభాగాన్ని కూడా రైట్ ప్రొటెక్ట్ చేయాలా అని మెనూ అడుగుతుంది, అవునని చెప్పండి. రీబూట్ అయ్యాక ఎస్ఎస్‌డీ మీద ఒక చిన్న ఫైలు రాసి, మళ్లీ రీబూట్ చేసి, ఆ ఫైలు నిలిచి ఉందో లేదో చూడండి. ఓవర్లే కొన్నిసార్లు ఎఫ్‌స్టాబ్‌లో ఉన్న మిగతా డిస్కులనూ కప్పేస్తుంది, అప్పుడు రాసిన రీడింగులు కూడా ర్యామ్‌తో పాటు పోతాయి. అలా జరిగితే ఓవర్లే, రైట్ ప్రొటెక్ట్ తీసి, కమాండ్‌లైన్ ఫైలులో ఓవర్లేరూట్ విలువకు రికర్స్ సున్నా అని జోడించాలి. సిస్టమ్ తన పనుల గురించి రాసుకునే లాగ్‌లు పెరిగి ర్యామ్‌ను నింపకుండా జర్నల్‌డీ కాన్ఫిగ్‌లో రన్‌టైమ్ మ్యాక్స్ యూజ్‌ను 50 ఎంబీకి కట్టడి చేయడం కూడా ఓవర్లే వేసే ముందే జరగాలి.

బోర్డులో ఉన్న వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్‌ను కూడా వాడుకోవాలి. సిస్టమ్‌డీ కాన్ఫిగ్‌లో రన్‌టైమ్ వాచ్‌డాగ్ సెక్ విలువ 10 అని ఇస్తే, సిస్టమ్ బిగుసుకుపోయి పది సెకన్లు పలకకపోతే హార్డ్‌వేరే దాన్ని రీబూట్ చేస్తుంది. ఈ బోర్డు చిప్ దాదాపు 15 సెకన్ల వరకే లెక్కపెట్టగలదు.

ఇక అప్‌డేట్లు. ఓవర్లే ఉండగా చేసిన అప్‌డేట్ రీబూట్‌తో పోతుంది, కాబట్టి వాటికి ఒక వేళ పెట్టుకోవాలి. నేను వానాకాలంలో సరుకు రాక లేనప్పుడు ఒకసారి, సంక్రాంతికి ముందు సీజను అందుకునే లోపు ఒకసారి ఓవర్లే తీసి, అప్‌డేట్ చేసి, పరీక్షించి, మళ్లీ వేస్తాను. ఓవర్లే తీయడానికి ఒక రీబూట్, బూట్ విభాగం రైట్ ప్రొటెక్ట్ తీయడానికి మరొకటి పడుతుంది.

యూపీఎస్‌తో వచ్చే చిక్కు

యూపీఎస్ పెట్టడం మంచిదే. జనరేటర్ అందుకునే లోపు ఉండే వెలితిని అది నింపుతుంది. కానీ బ్యాటరీ తగ్గగానే బోర్డును క్రమంగా షట్‌డౌన్ చేసే ప్రోగ్రాము పెట్టిన ఒక చోట ఆపరేటర్ నుంచి ఫోన్ వచ్చింది: “సారూ, కరెంటొచ్చి గంటైతుంది, గీ డబ్బా ఇంక ఎర్రగనే ఉన్నది.” జరిగింది ఇది. యూపీఎస్ బ్యాటరీ తగ్గింది, ప్రోగ్రాము బోర్డును షట్‌డౌన్ చేసింది, కానీ బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యే లోపే కరెంటు వచ్చింది. బోర్డుకు కరెంటు ఒక్క క్షణం కూడా తెగలేదు. కరెంటు తెగి వస్తే పై 5 తనంతట తానే లేస్తుంది. తెగకుండా షట్‌డౌన్ అయితే ఎర్ర దీపంతో అలాగే ఉండిపోతుంది.

ఓవర్లే ఉన్న పెట్టెకు ఇటువంటి షట్‌డౌన్ అవసరమే లేదని, కరెంటు తెగితే తెగనివ్వడమే మేలని నా అభిప్రాయం. షట్‌డౌన్ కావాలనుకునేవారు దానికి ముందు గడియారం చిప్‌కు పది నిమిషాల తర్వాత లేపమని వేక్ అలారం పెట్టే వరుసను తమ ప్రోగ్రాములో చేర్చుకోవాలి. పై 5లో సిస్ ఫోల్డర్ కింద ఆర్‌టీసీ0లో ఉండే వేక్‌అలారం ఫైలులో ప్లస్ 600 అని రాయాలి.

పై బదులు ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న చిన్న ఫ్యాన్‌లెస్ బాక్స్ వాడి ఉబుంటు సర్వర్ వేసేవారికి ఇదే చిక్కు మరో రూపంలో వస్తుంది. ఆ బాక్సులు చాలావరకు కరెంటు పోయి వచ్చాక ఆఫ్‌లోనే ఉంటాయి. సిస్టమ్ వేయడానికి ముందే బాక్సు సొంత సెట్టింగుల మెనూ అయిన బయోస్‌లోకి వెళ్లి, కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలి అన్న సెట్టింగును పవర్ ఆన్‌కు మార్చాలి.

ప్లగ్గు పీకి చూడడం

అన్నీ అయ్యాక పెట్టెను టేబుల్ మీదే ఉంచి, నడుస్తుండగానే ప్లగ్గు పీకండి. ఒకసారి కాదు, పదిసార్లు. ఒకసారి లేస్తూ ఉండగా మధ్యలో పీకండి, ఒకసారి నెట్ కేబుల్ తీసి పీకండి, ఒకసారి ఎస్ఎస్‌డీ తీసి పీకండి, ఒకసారి రెండు సెకన్లలోనే మళ్లీ పెట్టండి. ప్రతిసారీ సైరన్ సర్వీసు లేచిందా, సమయం సరిగ్గా ఉందా, ఎస్ఎస్‌డీలోని చివరి రీడింగు ఏ నిమిషానిది అన్న మూడింటినీ కాగితం మీద రాసుకోండి. చాలామంది నడుస్తున్న యంత్రం ప్లగ్గు పీకడానికి మనసొప్పక ఈ మెట్టు వదిలేస్తారు. అక్కడ కరెంటు ఎలాగూ అడగకుండానే పోతుంది. మీ కళ్లెదుట పోవడమే నయం.

దూరం నుంచి చూసుకోవడానికి వైర్‌గార్డ్ వంటి వీపీఎన్, అంటే ఇంటర్నెట్ మీదుగా వెళ్లే ప్రైవేటు దారి, పెట్టుకోండి. సిమ్ కార్డు రౌటర్ల వెనుక ఉన్న పెట్టెలోకి బయటి నుంచి నేరుగా వెళ్లడం సాధారణంగా కుదరదు. ఆ పెట్టె తానే బయటికి దారి తెరిచి ఉంచాలి. వైర్‌గార్డ్‌లో పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ విలువ 25 సెకన్లుగా ఇస్తే ఆ దారి మూసుకుపోదు.

ఇప్పుడు రెండవ కార్డు. పరీక్షలన్నీ దాటిన కార్డు పూర్తి నకలును రెండవ కార్డు మీదికి తీసి, దాన్ని కూడా అదే బోర్డులో పెట్టి ఒకసారి బూట్ చేసి చూడండి. బూట్ చేసి చూడని నకలును నకలుగా లెక్కపెట్టవద్దు. తర్వాత దాన్ని చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి పెట్టె మూత లోపలి వైపు అతికించి, కార్డు మార్చే విధానాన్ని ఆపరేటర్ చేత ఒకసారి చేయించండి: ప్లగ్గు తీయడం, పాత కార్డు లాగడం, కొత్తది బంగారు రంగు గీతలు బోర్డు వైపు ఉండేలా నెట్టడం, ప్లగ్గు పెట్టడం, దీపం పచ్చగా వెలిగే దాకా ఆగడం. నేను వెళ్లే చోట్ల ఇది రెండు నిమిషాల్లో నేర్చుకోని ఆపరేటర్ ఒక్కరూ లేరు. పెట్టె మూత మీద హోస్ట్‌నేమ్, సిస్టమ్ వేసిన తేదీ, మీ ఫోన్ నంబరు, పవర్ బటన్ నొక్కవద్దన్న మాట తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.